వల్కలం మీది చెమ్మ

చెట్టుకు బెరడు ఎలాగో మెదడుకు వల్కలం అలాగ. మునులు కట్టిన నారబట్టకూ, మన ఆలోచనలు మసలే పైపొరకూ ఒకటే పేరు పెట్టిన వాళ్లకు దండం పెట్టాలి. మందం చూడబోతే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, ఇంచుమించు కందిబద్దంత. మాటా, లెక్కా, అమ్మ ముఖమూ ఆ మడతల్లోనే!

ఆ వల్కలాన్నీ వదలని జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. అందులో ఒంటిని కాయాల్సిన రక్షణ దళమే నరాల తొడుగైన మయలిన్ మీద పడుతుంది. 1868లో పారిస్‌లో వైద్యుడు షార్కో ఈ జబ్బును వర్ణించాడు. తర్వాత చాలాకాలం దీన్ని మెదడు లోపలి తెల్ల పదార్థపు జబ్బుగానే చూశారు. 1962లో పరిశోధకులు బ్రౌనెల్, హ్యూస్ చనిపోయినవారి మెదళ్లలో మచ్చలు లెక్కపెడితే, దాదాపు నాలుగింట ఒకటి వల్కలం వంటి బూడిదరంగు పదార్థాన్నీ తాకింది. బతికున్నవారిలో మాత్రం వల్కలం గుట్టు విప్పలేదు. అక్కడ మయలిన్ మొదటే తక్కువ. ఉన్న కాస్తా పోతే మామూలు ఎమ్మారైకి ఆనదు.

అప్పుడొచ్చింది 7 టెస్లాల ఎమ్మారై అయస్కాంతం. భూమి అయస్కాంత బలానికి లక్ష రెట్లు పైమాటే! మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టలు దాని గుండెకాయ. ఆ గొట్టంలో పడుకున్న మనిషి ఒంటి నీళ్లలో హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు దాదాపు 30 కోట్ల సార్లు బొంగరాల్లా తూగుతాయి. వాటి సన్నని పలుకే బొమ్మవుతుంది. తల ఒక్క మిల్లీమీటరు కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. యంత్రం టకటకల హోరులో రోగి ఊపిరి మెల్లగా తీస్తూ కదలకుండా పడుకోవడమూ ఒక తపస్సే.

ఇక తెర మీద చూడండి. మెలికలు తిరిగిన బూడిదరంగు నాడా. దాని వెలుపలి అంచున, మెదడును కప్పిన పలుచని పొర కిందనే, గోడకు చెమ్మ పాకినట్టు లేత తెలుపు చార. ఈ జబ్బు వల్కలంలో ఎక్కువగా మాటువేసే చోటు అదే. అన్ని మచ్చలూ ఇంకా చిక్కవు. చిక్కినవి మాత్రం రోగి మతిమరుపుకూ, నడక తడబాటుకూ సంబంధించిన సంగతులెన్నో చెబుతున్నాయి. 2017లో రోగనిర్ధారణ సూత్రాలు వల్కలపు మచ్చలనూ లెక్కలోకి తీసుకున్నాయి.

"మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది డాక్టరుగారూ" అనే మనిషికి, "స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదమ్మా" అన్న జవాబు ఎంత బరువో! ఇప్పుడు ఆమె పక్షాన సాక్షి దొరికింది. ఆ సాక్ష్యం చెప్పింది ఆమె ఒంట్లోని నీళ్లే.