పదహారు రూపాయల ధర్మసందేహము

తెలంగాణ ప్రభుత్వము వృద్ధులకును వితంతువులకును నెలనెల ఇచ్చు పింఛను 2,016 రూపాయలు. పేదయింటి పెండ్లికి కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకముల క్రింద ఇచ్చునది 1,00,116 రూపాయలు. పద్దులు వ్రాయు గుమాస్తాకు పని పెంచుటయే గాని మఱొక ప్రయోజనము లేని ఈ పదహారు రూపాయలు సర్కారు లెక్కలలోనికి ఎచ్చటినుండి వచ్చి చేరినవో తెలుగువానికి వేరుగ చెప్పనక్కరలేదు. పురోహితునకు సంభావన గాని, పెండ్లిలో చదివింపు గాని, అవధానికి సత్కారము గాని నూటపదహార్లుగనో వెయ్యినూటపదహార్లుగనో గదా మన చేతినుండి వెలువడును. ఖజానా సొమ్మునకు ఇట్లు తాంబూలపు పరిమళమును అంటించిన అధికారి యెవరో గాని రసికుడే. అయితే ఆ రసికత యొక ధర్మసందేహమును మన ముందుంచినది. నగరములో అద్దెగదిలో కాలము గడపు ముసలమ్మకు రాజ్యము ఇచ్చునది దానమా? దానమైనచో దాత యెవ్వడు? కానిచో ఆ యిచ్చుటకు విధి యేమి?

మన శాస్త్రకారులు దానమునకు చెప్పిన లక్షణము నిష్కర్షయైనది. ఒక వస్తువుపై తనకుగల స్వామ్యమును విడిచి, పరునకు స్వామ్యము కలిగించుట దానము. కావున తనది కానిదానిని ఇచ్చువాడు ఎంత యిచ్చినను దాత కాడు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడింటిని విధించి, ప్రత్యుపకారము చేయనివానికి ఇచ్చుటయే ఉత్తమమనియు, ప్రతిఫలము నాశించి ఇచ్చినది రాజసమనియు నిర్ణయించినది. ఎన్నికలకు ముందు ప్రకటింపబడు పథకములు ఈ రెండింటిలో ఏ కోవకు చెందునో పాఠకులే ఊహింపగలరు. తైత్తిరీయోపనిషత్తు ఇంకను లోతునకు పోయి, ఇచ్చువాడు శ్రద్ధతోనే గాక సిగ్గుతోను, భయముతోను ఇయ్యవలెనని శిష్యునకు బోధించినది. ఇచ్చువానికి సిగ్గు! మన కాలమున ఆ సిగ్గంతయు పుచ్చుకొనువాని వంతునకు వచ్చినది. ఇచ్చువాని ముఖము మాత్రము సంచిపైనను, కాగితముపైనను, గోడపైనను చిరునవ్వు చిందించుచున్నది. బలిచక్రవర్తి తన చేయి పైనుండ శ్రీహరి చేయి క్రింద నుండుటను తలచి పొంగెనన్నచో అందు కాతనికి అర్హత గలదు: ఇచ్చినది తన రాజ్యము, ఒగ్గినది తన తల. మంత్రివర్యుడు ఇచ్చునది ఎవరి రాజ్యము?

అందులో ఆ ముసలమ్మ పాలు కూడ కలదనుట అతిశయోక్తి కాదు. ఆదాయపు పన్ను కట్టువారు తమ జీతపు చీటీని చూపి, మా డబ్బంతయు పంచిపెట్టుచున్నారని నిట్టూర్చుట మనము తఱచు వినునదే. కాని సబ్బుబిళ్ల కొన్నప్పుడెల్ల ఆమెయు పన్ను కట్టుచునే యున్నది. ఆ పన్నునకు రసీదు లేనందున గౌరవమును లేదు. నలువదేండ్లు పరుల యిండ్లలో చేసిన చాకిరి ఏ చిట్టాకును ఎక్కలేదు. ప్రాచీనులు రాజు పుచ్చుకొను షడ్భాగమును ప్రజారక్షణకు భృతిగా భావించిరి. బౌధాయన ధర్మసూత్రము అట్లే చెప్పినది. బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను రాజు పోషింపవలెనని కౌటిల్యుడు విధించినది దానప్రశంస చేయు సందర్భమున కాదు. ఊళ్లు నిలుపుట, చెఱువులు కట్టించుట మొదలగు పరిపాలనా విషయములను చెప్పు ప్రకరణమున. ఇక ఖురాను, కలిగినవారి సొమ్ములో అడుగువానికిని, లేమిపాలైనవానికిని నిర్ణీతమైన హక్కు కలదని పలుకుచున్నది. రంజాను నెలలో పాతబస్తీ వర్తకుడు జకాతు లెక్క వేయునది తన ఔదార్యమును ప్రకటించుటకు కాదు, పరులకు చెందవలసినది తనవద్ద నిలిచిపోవునేమో యను వెఱపుచేత.

నేటి చట్టములలోనే దీనికి కండ్లకు కట్టు నిదర్శన మొకటి గలదు. పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి భవననిర్మాణపు వ్యయములో నూటికొక రూపాయి సెస్సుగా వసూలై కార్మికుల సంక్షేమనిధికి చేరును. అనగా మేడ కట్టించిన ప్రతివాడును ఆ మేడకు ఇటుకలు మోసిన కూలికి బాకీపడినవాడే. ప్రభుత్వము నడుమనున్న ధర్మకర్త మాత్రమే. కాని ఆ నిధిలో సభ్యత్వమునకు కార్మికుడు ఏడాదిలో 90 దినములు ఆ పని చేసినట్లు చూపవలెను. తెల్లవారుజామున అడ్డామీద నిలుచుండి, ఒకనాడు ఒక మేస్త్రీ వెంటను మఱునాడు వేఱొకని వెంటను పోవువానికి ఆ పత్రమును ఎవ్వరిత్తురు? పాలమూరునుండియో శ్రీకాకుళమునుండియో వచ్చినవానికి ఆధారు కార్డులోని చిరునామా ఊరిది, చెమట నగరముది. దేశములో ఈ నిధులు వేలకోట్లుగా ఖర్చుకాక పేరుకొనియుండుటను సుప్రీంకోర్టు గర్హించినది. దీనిని పిసినారితనమని తేలికగా అనరాదు. పరుల సొమ్మును అట్టిపెట్టుకొనుట ఇది.

పాత్రత యను భావము వికటించినదియు ఇచ్చటనే. పాత్రమును చూడుమని గీత దాతకు చెప్పినది. ఆ పరీక్ష నేడు యంత్రమున కప్పగింపబడినది. మా బస్తీలోని రేషను దుకాణములో ఒక ముసలామె చూపుడువ్రేలు ఆ యంత్రముపై నుంచును. ముద్ర పడదు. కొంగుతో తుడిచి మరల నుంచును. అంట్లు తోమి తోమి గీతలు చెఱగిన వ్రేలది. "ఇంకో వేలు పెట్టవ్వా" అనును డీలరు. అదియు కానిచో "కన్ను చూపియ్యి" అని మఱొక పరికరము నెత్తును. వెనుకనున్నవారు విసుగుకొందురు. డీలరు చెడ్డవాడు కాడు, ఆమె యెవరో ఆ దుకాణమున నున్న పదుగురికిని తెలియును. యంత్రమునకు తెలియనంతవఱకు ఆమె ఆమె కాదు. అప్పు తీర్చువాడు అప్పిచ్చినవానిని గుర్తింపగోరుట న్యాయమే, గుర్తింపలేని దోషమును అతనిపై వేయుట మాత్రము న్యాయము కాదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది హైదరాబాదు నగరపాలక సంస్థ 2014లో ఆరంభించిన ఐదు రూపాయల భోజనము. ఆస్పత్రి గేటుముందు అడ్డా కూలీయు, ఉద్యోగమునకై ఊరువదలి వచ్చిన పట్టభద్రుడును, రోగికి తోడుగ వచ్చినవాడును ఒకే వరుసలో నిలిచి పళ్లెము లందుకొందురు. నీవెవ్వడవు, నీ ఆదాయమెంత యని అడుగువారు లేరు. ఐదు రూపాయలు ఇచ్చినవాడు యాచకుడు కాడు గదా.

ఈ వాదమునకు ఎదురుగా చెప్పబడు మాట బలమైనదే, దానిని దాటవేయరాదు. హక్కని పలికిన క్షణముననే కృతజ్ఞత నశించుననియు, జనులు సోమరులగుదురనియు, ఇచ్చువానిలోని కరుణయు పుచ్చుకొనువానిలోని వినయమును ఎండిపోవుననియు పెద్దలు శంకింతురు. సోమరితనపు మాటపై నాకు గౌరవము లేదు; రెండువేల పదహారు రూపాయలతో నగరములో నెల గడచుననుకొనువారు ముందు గది అద్దె కట్టి చూడవలెను. వినయమును గూర్చిన మాట ఆలోచింపదగినది. మేడలో నుండి తెల్లకార్డు సంపాదించినవాడు హక్కను మాటను అందఱికన్న గట్టిగా పలుకుచున్నాడు. అయితే అతడు అపహరించునది దాత సొమ్ము కాదు, తోడి భాగస్వామి పాలు. కావున హక్కను భావన అతని పాపమును పెంచునే గాని తగ్గింపదు. హక్కనగా అవధి లేనిదనియు కాదు. రాజ్యాంగపు 41వ అధికరణము వార్ధక్యమునను, రోగమునను, అంగవైకల్యమునను, నిరుద్యోగమునను ప్రభుత్వసహాయము పొందు హక్కును పేర్కొనుచునే, రాజ్యపు ఆర్థికశక్తి మేరకు అని కట్టు వేసినది. దీనిని న్యాయస్థానముల ద్వారా అమలుపఱపజాలరని 37వ అధికరణము చెప్పినది. శక్తి చాలని ఋణస్థుడు గడువు అడుగవచ్చును, వాయిదాలు కట్టవచ్చును. అప్పే లేదనరాదు, తీర్చినదానిని బహుమానమనరాదు.

ఈ తత్త్వమును పండితులకన్న ముందు పింఛనుదారులే గ్రహించిరని నాకు తోచును. "పెద్దకొడుకు లెక్క నెలనెలా పంపుతుండు" అని ముసలివారు అనుచుందురు. నాయకులు ఆ మాటను పొగడ్తగా స్వీకరించి సభలలో చెప్పుకొందురు గాని అందులోని తీర్పును విన్నట్లు లేదు. కొడుకు తల్లికి పెట్టునది దానమని లోకము ఎన్నడును అనలేదు. పెట్టనివానిచేత పెట్టించుటకు 2007లో చట్టమే వచ్చినది. అట్లని వ్యక్తుల దానధర్మములు అక్కరలేదని నా భావము కాదు. శతపథబ్రాహ్మణము దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్యఋణమును కూడ చెప్పి, తోడివారికి అన్నమును ఆశ్రయమును ఇచ్చుటచే అది తీరునన్నది. పన్ను కట్టినంతమాత్రమున ఆ ఋణము తీరదు. వీధిచివరి ముసలమ్మకు దరఖాస్తు వ్రాసిపెట్టు పనిని ఖజానా చేయజాలదు.

రాజ్యపు వంతు మాత్రము అంకెలకు అందును. ఆంధ్రప్రదేశమున 2024 జులై నుండి వృద్ధాప్యపు పింఛను 4,000 రూపాయలు. నెల మొదటనే ఇంటివద్దకు పోయి చేతికిచ్చుచున్నారు. ఋణస్థుడు అప్పిచ్చినవాని గడప త్రొక్కుట ధర్మమునకు తగిన పద్ధతియే. రాష్ట్రములు ఇట్లు తమ వంతు పెంచుకొనుచుండగా, కేంద్రప్రభుత్వము జాతీయ పథకము క్రింద అరువదేండ్లు దాటిన పేదవృద్ధునకు తన భాగముగా ఇచ్చునది నెలకు 200 రూపాయలు, ఎనుబదేండ్లు నిండినవారికి 500. పదేండ్లకు పైగా ఆ అంకెలు కదలలేదు. ఇది తీర్పవలసిన బాకీయని ఒప్పుకొన్న రాజ్యము మొట్టమొదట సవరింపవలసినవి ఆ రెండు అంకెలే.