ఉల్లి పురుగు గోత్రం

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటుంది మా అమ్మ. కార్తీకమాసంలో మాత్రం ఆ మాట ఎత్తదు. ఆ ఉల్లినే కుళ్లబెట్టే ఒక బ్యాక్టీరియాతో నేను టొరంటోలో కొన్నేళ్లు కాపురం చేశాను. 1950లో వాల్టర్ బర్క్‌హోల్డర్ అనే మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త దాన్ని వర్ణించి, లాటిన్ ఉల్లి పేరు మీద సెపేసియా అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికి అది దాదాపు రాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్న పిల్లల ఊపిరితిత్తుల్లో, జిగురులా పేరుకున్న కఫంలో చేరిందంటే మాత్రం వదలదు. కొందరికి జ్వరం ముదిరి కొద్ది వారాల్లోనే ప్రాణం పోయేది. 1984లో ఆ సంగతి రాసింది టొరంటో డాక్టర్లే.

నా పని చిన్నది. కఫంలోంచి పెంచిన బ్యాక్టీరియా డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి, జెల్ మీద నడిపి, చీకటిగదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద చూడటం. నారింజ రంగు గీత ఉందా, లేదా? 1997లో ప్రకటించిన గుర్తు ఒకటుంది, సుమారు 1,400 అక్షరాల డీఎన్ఏ ముక్క. ఒకరి నుంచి ఒకరికి పాకిన తెగల్లో అది కనిపించింది, ఒక్కరి దగ్గరే ఆగిపోయినవాటిలో కనిపించలేదు. ఇంకో గుర్తు, బ్యాక్టీరియా ఒంటి మీద మోకుల్లాంటి పోగులు మొలిపించే జన్యువు. ఆ పోగులతోనే అది కఫాన్ని పట్టుకుంటుంది. ఈ రెండూ ఉన్న ఒకే తెగ ఎడిన్‌బరోలోనూ టొరంటోలోనూ బయటపడింది. దానికి ఈటీ12 అని పేరు.

"గోత్రం చూస్తామమ్మా," అన్నాను ఫోనులో. "మనం సగోత్రమైతే పెళ్లి వద్దంటాం. ఇక్కడ స్నేహమే వద్దంటారు."

ఈ జబ్బున్న పిల్లలకి వేసవి శిబిరాలుండేవి. దగ్గితే ఎవరూ వెనక్కి తిరిగి చూడని చోటు వాళ్లకి అదొక్కటే. 1993లో ఎడిన్‌బరోకి చెందిన జాన్ గోవన్ బృందం, ఈ బ్యాక్టీరియా కలిసిమెలిసి తిరగడం వల్ల పాకుతోందని చూపించింది. ఆ దశాబ్దంలో శిబిరాలు మూతపడ్డాయి.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే ఎవరు ఎవరికి అంటించారో తెలిసిపోతుందన్నమాట. అంటించిన పిల్లకి చెబుతారటే?"

జెల్ అంత చెప్పదు. రెండు గీతలు ఒకే ఎత్తులో ఉంటాయి, దిక్కు ఉండదు. అయితే రిజిస్టర్‌లో తేదీలుంటాయి.

అమ్మ మాండవ్యుడి కథ ఎత్తుకుంది. చిన్నతనంలో తూనీగల్ని పుల్లతో గుచ్చినందుకు ఆయన్ని శూలం ఎక్కించారు. ఆయన యముణ్ణే నిలదీశాడు, తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని. పద్నాలుగేళ్ల లోపు పాపం అంటదని కట్టడి చేసి, యముణ్ణి భూమ్మీద విదురుడిగా పుట్టమని శపించాడు. నాకు ఆ కథ సగమే సరిపోతుంది. మాండవ్యుడు గుచ్చింది సరదాకి. వీళ్లు పక్కపక్కన కూర్చుని నవ్వుకున్నారు, అంతే. పద్నాలుగు దాటినవాళ్లూ ఉన్నారు వాళ్లలో. ఆ నవ్వుని పాపమనడానికి నాకు నోరు రాదు, వయసు ఎంతైనా.

మరి తెలిశాక? తెలిసీ కలిస్తే? అక్కడ నేను అంత తేలిగ్గా మాట్లాడలేను. పైగా గుర్తు లేనంత మాత్రాన నిర్దోషి అనడానికీ లేదు; ఈ రెండు గుర్తులూ లేని ఒక తెగ అమెరికాలో రోగులకి పాకింది. అందుకే ఇప్పుడు ఈ జబ్బున్న ఏ ఇద్దరినైనా ఆరడుగుల దూరంలో ఉంచుతారు. మా అమ్మమ్మ మడి గుర్తొస్తుంది నాకు. ఆ పోలిక తప్పు, ఎందుకంటే మడిలో అవతలివాడు తక్కువవాడు, ఇక్కడ ఇద్దరూ సమానం. అయినా కుర్చీ దూరంగా జరిపినప్పుడు పన్నెండేళ్ల పిల్లకి ఈ తేడా అందుతుందా?

ఒకరోజు రిజిస్టర్‌లో రెండు నంబర్ల మధ్య పెన్సిల్‌తో బాణం గీశాను, తేదీలు చూసి. అడిగినవాళ్లెవరూ లేరు. సాయంత్రం కోటు విప్పేముందు రబ్బరుతో చెరిపేశాను. అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు.