రుచి చూసే హక్కు

మొక్కజొన్నతో కాచి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఉంచిన అమెరికా బోర్బన్‌లో వెనిల్లా తీపి ఉంటుంది. ఐర్లండ్‌లో ఎక్కువగా మూడుసార్లు కాస్తారు. అది నున్నగా దిగుతుంది. స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. మూడూ పక్కపక్కన పెట్టుకుని, కాసిని నీళ్లు కలిపి రుచి చూస్తే నాకు నచ్చేది ఆ పొగే. ఆడవాళ్లకు తేలికపాటిది చాలంటారు. కానీ ఆ దీవిలోనే లఫ్రోయిగ్ బట్టీకి 1954లో యజమాని అయింది బెస్సీ విలియమ్సన్ అనే స్త్రీ.

మరి దూబగుంట స్త్రీల సారా వ్యతిరేకోద్యమం మనదని చెప్పుకునే నేను ఈ గ్లాసు పట్టుకోవచ్చా? వాళ్లు పోరాడింది రుచి మీద కాదు. కూలి డబ్బుల్ని మింగి ఇంట్లో దెబ్బలుగా మారిన సారా ప్యాకెట్ల మీద, వాటిని వేలం వేసి ఆదాయం పొందిన ప్రభుత్వం మీద. 1993లో సారాను నిషేధించినప్పుడు ప్రభుత్వం విస్కీని వదిలేసింది. 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లో సడలిపోయింది. కూలివాడు తాగితే తాగుబోతు, మనం తాగితే అభిరుచి! దెబ్బలు విస్కీ ఇళ్లలోనూ పడతాయి, గోడలు మందం కాబట్టి వినబడవు.

స్త్రీ తాగొచ్చా అన్నది నాకు నీతి ప్రశ్నే కాదు. ఆ తాగుడుకి ఎవరి కూలి, ఎవరి ఒళ్లు మూల్యం చెల్లిస్తున్నాయన్నదే ప్రశ్న. నా గ్లాసుకి నా జీతం చెల్లిస్తోంది. ఆ మాటతో సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం, నాలాగే రుచి చూసే తీరిక ఆ స్త్రీలకు ఎందుకు లేదన్న దగ్గర మొదలవుతుంది.