రాజకీయపు వంత

కళ పుట్టిన కష్టాన్ని మరచి, కళకు మాత్రం పండుగ చేయవచ్చునా?

బానిసత్వపు గాయాన్ని మోసిన అమెరికా నల్లజాతి ప్రజల సంగీతం జాజ్. 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో విల్లిస్ కానోవర్ దానిని దేశదేశాలకు వినిపించాడు. ప్రభుత్వ ప్రతిష్ఠకు అది ఆభరణమైంది. కాని 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను బడి గడప తొక్కనీయకపోతే, బాకా విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున సోవియట్ యాత్రకు వెళ్ళనన్నాడు. పాట కావాలి, పాడేవాని మనుగడ అక్కరలేదనే మర్యాదను అతడు తిరస్కరించాడు.

ఇది మనకు పరాయి కథ కాదు. 1946–51 తెలంగాణా సాయుధ పోరాట కాలంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెలలో బుర్రకథ, గొల్లసుద్దులు వెట్టిని, దొరతనాన్ని ఎదిరించాయి. హైదరాబాదులోని నిజాం దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. బుర్రకథ రేడియోకెక్కింది. మంచిదే, పందిరి వేయలేని చోటికి కూడా రేడియో పోతుంది.

అయితే బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కలా వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. పాతకథను ఆపి నేటి పాలకుణ్ణి నిలదీసేది ఈ రెండవవాడే. ప్రసారానికి వ్యవధి చాలనప్పుడు, వేదికమీద పెద్దలు నొచ్చుకుంటారనుకున్నప్పుడు, కోసివేయటానికి సులువైనది అతని మాటే. అది పోయినా తంబురా మ్రోగుతుంది, కథ నడుస్తుంది. ప్రశ్న మాత్రం ఉండదు.

నిన్నటి దొరను తిట్టనిచ్చి, నేటి దొర ఊసెత్తవద్దనే ఉత్సవం కళకు సన్మానం కాదు. శాలువా కప్పి నోరు నొక్కటమే అది.