నిన్నటి ముగ్గు

అమ్మ ఫోను నిండిపోయిందని నాకు చెప్పింది అమ్మ కాదు, గుడియాత్తంలో ఉన్న చిన్నత్త. "వదిన నాలుగు దినాలుగా గుడ్ మార్నింగ్ పెట్టలేదే అబ్బోడా, ఒళ్లు బాగుండాదా?" అని ఫోన్ చేసింది. ఒళ్లు బాగానే ఉంది. బాగా లేనిది ఫోను. కొత్తది ఏదీ దిగదు, ఉన్నది ఒక పట్టాన తెరుచుకోదు, ఫోటో తీయబోతే చోటు లేదని మొరపెట్టుకుంటుంది. అమ్మ దాన్ని తిప్పి బల్ల మీద బోర్లా పెట్టేసి ఊరుకుంది.

మాది తిరువలం. కాట్పాడి నుంచి చెన్నై వెళ్లే రైలు పొన్నై ఏరు దాటే చోటు. చిత్తూరు నీవా నీళ్లు మా దగ్గరికి వచ్చేసరికి పొన్నై పేరుతో పారతాయి. అమ్మ కూడా ఆ నీళ్ల దారినే చిత్తూరు నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఫోన్లో రెండూ కలిసే ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను ముందేసుకుని కూర్చున్నాను. అరవై నాలుగు జీబీ ఫోను. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే ఫోటోలకు ఇంత, వీడియోలకు ఇంత, యాప్‌లకు ఇంత అని రంగురంగుల పట్టీ వచ్చింది. అన్నిటికంటే పొడవైన పట్టీ మేం పెట్టింది కాదు. దాని పేరు సిస్టమ్. పంతొమ్మిది జీబీ.

మొదట నాకూ కోపం వచ్చింది. మనం డబ్బు పెట్టి కొన్న ఇంట్లో మూడో వంతు గదికి ఎవరో తాళం వేసుకున్నట్టు అనిపించింది. తర్వాత కొంచెం చదువుకుంటే తెలిసింది ఏమంటే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సిస్టమ్ అనే అంకె కొలిచి చెప్పేది కాదు, తీసివేయగా మిగిలేది. మొత్తం లోంచి ఫోటోలు, వీడియోలు, యాప్‌లు వగైరా తీసేసి, ఏ పద్దులోకీ రానిదంతా ఫోను ఆ పేరు కింద వేసేస్తుంది. ఫోనును నడిపే ఆండ్రాయిడ్ అందులోనే ఉంటుంది, తాత్కాలిక ఫైళ్లూ అందులోనే. పెట్టె మీద అచ్చేసిన అరవై నాలుగుకూ, లోపల మన వాడకానికి మిగిలేదానికీ ఉన్న తేడా కూడా అందులోనే కలిసిపోతుంది. పెళ్లి ఖర్చులు రాసేటప్పుడు చివర్న "ఇతరములు" అని ఒక వరస వేస్తామే, అదన్నమాట. ఐఫోన్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. దాన్ని సిస్టమ్ డేటా అంటారు. ఒకప్పుడు దాని పేరు ఇంకా నిజాయితీగా ఉండేది. వట్టి "ఇతరం" అనేవారు.

అంతకుముందే అమ్మ గుడియాత్తం వెళ్లినప్పుడు అక్కడి బజారులో ఒక ఫోన్ల కొట్టులో చూపించిందట. "ఫార్మాట్ కొట్టేద్దాంమా, పది నిమిషాలు" అన్నాడట కొట్టు కుర్రాడు. అతని తప్పేమీ లేదు. వచ్చే ఫోన్లన్నీ అలా బాగుచేయడమే అతనికి సుళువు. అమ్మే ఒప్పుకోలేదు. "ఇల్లు ఊడ్చమంటే ఇల్లు పడగొడతానంటాడేరా" అంది నాతో.

ఆ మాట దగ్గర నాకు రైలు వంతెన గుర్తొచ్చింది. 2021లో వరదలు తగ్గిన తర్వాత, డిసెంబరులో, తిరువలం, ముకుందరాయపురం మధ్య పొన్నై మీది రైలు వంతెన దెబ్బతిని, చెన్నై మార్గంలో పలు రైళ్లు కొన్ని రోజులు రద్దయ్యాయి. మామూలు రోజుల్లో ఆ వంతెన కింద నీటికంటే ఇసుకే ఎక్కువ. కిటికీలోంచి చూసేవాడికి అది ఖాళీ జాగాలా, వృథాలా ఉంటుంది. స్తంభాల మొదట్లో ఏమేం పడి ఉన్నాయో, అవి దేన్ని పట్టుకుని నిలబెట్టాయో, అవి కదిలాక గాని ఎవరికీ పట్టదు. అందుకే నేను సిస్టమ్ జోలికి పోదలచుకోలేదు. ఒక్కో యాప్‌లోకి వెళ్లి క్యాష్ మాత్రం తుడిచాను. యాప్ తన వేగం కోసం దాచుకున్న నకళ్లు అవి, పోయినా మళ్లీ వస్తాయి. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా అనే మీట వేరు, అది నొక్కితే యాప్ మనల్ని పూర్తిగా మరిచిపోతుంది. "ఏం చేస్తా ఉండావు" అని అమ్మ అడిగితే "క్యాష్ క్లియర్ చేస్తున్నానమ్మా" అన్నాను. "ఉండే కాస్త డబ్బూ ఎందుకురా" అంది.

అసలు సరుకు వాట్సాప్‌లో ఉంది. పదకొండు వేల పైచిలుకు బొమ్మలు. గులాబీలు, కాఫీ కప్పులు, సూర్యోదయాలు, వారానికొక దేవుడు. సోమవారం శివుడు, మంగళవారం మురుగన్, శనివారం వెంకటేశ్వరుడు. చిత్తూరు గ్రూపులో తెలుగులో శుభోదయం, గుడియాత్తం గ్రూపులో తమిళంలో కాలై వణక్కం. ఒకే గులాబీ మూడు గ్రూపుల్లోంచి మూడుసార్లు వచ్చి మూడుసార్లు కూర్చుంది. అమ్మ గ్యాలరీలోంచి పంపిన ఫోటోలకు సెంట్ అనే ఫోల్డర్‌లో ఇంకో నకలు.

ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి కాదని లోకం ఎప్పుడో కనిపెట్టింది. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ మన గుడ్ మార్నింగ్‌ల మీద పెద్ద కథనమే రాసింది. మన దేశంలో స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లలో ముగ్గురికి ఒకరి ఫోన్లో రోజూ చోటు చాలడం లేదనీ, అమెరికాలో అది పదిమందికి ఒకరేననీ అందులో లెక్క. అంతకు నెల ముందే గూగుల్ ఢిల్లీలో ఫైల్స్ గో అనే యాప్ విడుదల చేసింది. అది ఇలాంటి శుభోదయాలను ఏరి పక్కన పెట్టడం కూడా నేర్చుకుంది. ఆ వార్త చదివి అప్పట్లో అందరితో పాటు నేనూ నవ్వాను. పనీపాటా లేని పెద్దవాళ్ల గోల అనుకున్నాను.

"ఇవన్నీ ఎందుకమ్మా, చూస్తావా?" అని అడిగాను.

"చూసేదానికా అవి?" అంది అమ్మ. "పొద్దున్నే ఎవరెవరు పెట్టినారో చూస్తాను. మీ చిన్నత్తది అయిదున్నరకు వస్తుంది. చిత్తూరు పెద్దక్కది ఆరుకు. రాలేదంటే ఫోన్ చేస్తాను."

అంటే బడిలో హాజరు పట్టీ. గులాబీ గులాబీ కాదు, "ఉన్నాను" అనే మాట. నాలుగు రోజులు అమ్మ గులాబీ రాకపోయేసరికి చిన్నత్త నాకు ఫోన్ చేసిందంటే ఆ పట్టీ సరిగ్గా పనిచేసిందనే కదా. నవ్విన నేను ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా ఫోన్ చేశానా అంటే, లేదు.

మరి హాజరు వేసుకున్నాక పట్టీ అంతటినీ ఇంట్లో పేర్చుకోవాలా? అమ్మ తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేస్తుంది. వీధి వీధంతా వేస్తుంది. తెలుగు వాకిలికి ముగ్గు, పక్కవాకిలికి కోలం, పిండి ఒకటే. ముగ్గు లేని వాకిలి చూస్తే ఆ ఇంట్లో ఏదో జరిగిందని వీధికి తెలుస్తుంది. అదీ హాజరే. పదిగంటలకల్లా సైకిళ్లు తొక్కేస్తాయి, చీమలు కొంత మోసుకుపోతాయి, సాయంత్రానికి మిగిలేది తెల్లని మరక. నిన్నటి ముగ్గు ఎక్కడ దాచావని ఎవరూ అడగరు. ఎంత అందంగా కుదిరినా మర్నాడు నీళ్లు చల్లాల్సిందే. ఫోన్లో వచ్చే శుభోదయమూ ముగ్గులాంటిదే గాని, ఆ ఫోనుకు సాయంత్రం అన్నది తెలియదు. ఆరేళ్ల ముగ్గులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చుంది.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఫోన్లలో ఉండే ఫ్లాష్ మెమరీ రాసినదాని మీదే తిరిగి రాయలేదు. ఒక గడి మొత్తాన్ని ముందు తుడవాలి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. తుడిచి సిద్ధంగా ఉంచిన గడులు చాలకపోతే అక్కడివిక్కడ సర్దుకుంటూ ఆయాసపడుతుంది. నిండిన ఫోను నెమ్మదించడానికి అదొక కారణం. వాకిలి ఊడవందే ముగ్గు పడదని అమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అమ్మనే పక్కన కూర్చోబెట్టుకుని తుడిచాను. ఉంచమన్నవి ఉంచాను. వేలూరు సీఎంసీలో తీసిన స్కాన్ కాగితాల ఫోటోలు, గుడియాత్తంలో మా చిన్నత్త కొడుకు కొత్త లుంగీ గళ్లు నేయించినప్పుడల్లా పంపే ఫోటోలు. ఆ గళ్లలో రంగు ఏది బాగుందో చెప్పే పని అమ్మది. మిగతావాటి మీద ఆమెకు రవ్వంత మమకారం లేదు. నేనే ఒకటి రెండు చోట్ల ఆగాను గాని ఆమె ఆగలేదు. అన్నీ తుడిచాక కూడా చోటు పెరగలేదు. తుడిచినవి గ్యాలరీ చెత్తబుట్టలో ముప్పై రోజులుంటాయని అప్పుడు గుర్తొచ్చింది. దాన్నీ ఖాళీ చేశాను.

తుడవడం ఒక్కరోజు పని. మళ్లీ నిండకుండా చూడాలంటే గుమ్మం దగ్గర ఎవరో ఉండాలి. మా ఊరి విల్వనాథేశ్వరుడి గుడిలో నంది స్వామివైపు చూడడు. వీపు స్వామికి పెట్టి బయటికి చూస్తుంటాడు. కంజనగిరి నుంచి అభిషేకానికి నీళ్లు తెచ్చే అర్చకుణ్ణి కంజన్ అనే అసురుడు అడ్డగించేవాడనీ, వాణ్ణి అణచడానికి కదిలిన నంది అప్పటినుంచి ఇటే తిరిగి ఉండిపోయాడనీ స్థల కథ. చిన్నప్పటినుంచి ఆ నందిని ఎన్నిసార్లో చూశాను. స్వామికి వీపు పెట్టడం తప్పు కాదా అని మా పిల్లలు అడిగితే నాకు జవాబు చెప్పడం రాలేదు. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ అనే చోట అన్నీ ఆపేస్తుంటే మాత్రం, ఆ నంది చేస్తున్నది కూడా సేవేనని తోచింది. ఇక వచ్చినవాటిలో అమ్మ వేలు పెట్టి నొక్కినవే లోపలికి వస్తాయి. మసక గులాబీ కనిపించినా హాజరు పడ్డట్టే.

చిన్నత్తతో మాట్లాడి గుడియాత్తం గ్రూపులో సందేశాలు ఇరవై నాలుగు గంటలకు మాయమయ్యేలా కూడా పెట్టించాను. గ్రూపు పెద్ద ఆవిడే. మొదట బిగుసుకుంది. "నేను పెట్టింది నువ్వు తుడిచేసేదేంది?" అంది. ముగ్గు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అట్లయితే సరేలే, రేపు ఇంకోటి పెడతాను గదా" అంది.

మర్నాడు అయిదున్నరకు చిన్నత్త గులాబీ వచ్చింది. అమ్మ వాకిట్లో పని ముగించుకుని వచ్చి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, బదులు పెట్టింది. ఫోన్లో ఇప్పుడు పద్నాలుగు జీబీ ఖాళీ ఉంది. సిస్టమ్ ఇప్పటికీ పద్దెనిమిది చూపిస్తోంది. దాన్ని అలాగే వదిలేశాను.