ఓలియే వ్యాధి, పూర్వకర్మ

ఓలియే వ్యాధి సుమారు లక్షమందిలో ఒకరికి వస్తుంది. ఎక్కువగా చేతివేళ్లలో, అరచేతి ఎముకల్లో మృదులాస్థి గడ్డలు లేచి, చిన్నతనంలోనే వేళ్లు ఉబ్బి వంకర్లు పోతాయి. చిన్న దెబ్బకే ఎముక విరగవచ్చు. ఇవి క్యాన్సర్ గడ్డలు కావు. కానీ కొందరిలో పెద్దయ్యాక అలా మారే ప్రమాదం ఉంది కనుక ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. దీన్ని పందొమ్మిదో శతాబ్ది చివర్లో వర్ణించినవాడు లియోన్ నగర శస్త్రవైద్యుడు లూయీ ఓలియే. కారణం 2011లో బయటపడింది. చాలామంది రోగుల గడ్డల్లో ఐడీహెచ్1 లేదా ఐడీహెచ్2 జన్యువు మారి ఉంది. ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. కడుపులో పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక్క కణంలో జరిగింది. ఆ కణం సంతతి చేరినచోటే గడ్డలు లేస్తాయి. వ్యాధి తరచు ఒంట్లో ఒక పక్కనే ఎక్కువగా ఉండటం అందుకే.

వ్యాధి ఎలా వచ్చిందో ఇంతటితో తెలిసింది. ఈ బిడ్డకే ఎందుకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. జీవశాస్త్రం దానికి యాదృచ్ఛికమని చెప్పి ఊరుకుంటుంది. ఆ ఖాళీలోకే కర్మ సిద్ధాంతం వస్తుంది: చేసుకున్నవారికి చేసుకున్నంత. పుట్టకముందే జరిగినదానికి ఈ జన్మలో తప్పు వెతకలేరు కనుక పోయిన జన్మను చూపిస్తారు. దాన్ని కాదనడానికి ఏ పరీక్షా లేదు, అవుననడానికీ లేదు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ సమాధానం వంకరవేళ్ల పసిబిడ్డను నేరస్థుల బోనులో నిలబెడుతుంది.

కర్మను నమ్మిన సంప్రదాయాలన్నీ అంత దూరం పోలేదు. అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని అడిగిన ఘట్టం సంయుత్త నికాయంలో ఉంది. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు: పిత్తం, కఫం, వాతం, ఆ మూడింటి కలయిక, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, చివర కర్మఫలం. కర్మను ఆయన తోసిపుచ్చలేదు, ఎనిమిదింటిలో ఒకటిగా నిలిపాడు. ఈ విషయంలో ఇంత జాగ్రత్తగల జవాబు అరుదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇలాంటి ప్రశ్నే వేస్తారు. పాపం అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదంటాడు యేసు. అయితే దాని వెనక దైవోద్దేశం ఉందంటాడు.

చరకుడి దారి వైద్యుడిది. చరకసంహితలోని విమానస్థానం మూడో అధ్యాయంలో ఆయుష్షును దైవం, పురుషకారం రెండూ కలిసి నిర్ణయిస్తాయి. దైవమంటే అక్కడ పూర్వదేహంలో చేసిన కర్మే; అది బలహీనమైతే పురుషకారం, అంటే ఈ జన్మ ప్రయత్నం, దాన్ని అణచగలదు. అంతా ముందే నిశ్చయమైతే మందులతో పనేమిటన్నది అక్కడి వాదం. ఆ లెక్కన వేలి ఎముకలోని గడ్డను గోకి తీసి, ఖాళీని ఎముక ముక్కలతో నింపే శస్త్రచికిత్స పురుషకారం కిందికే వస్తుంది. కర్మను నమ్మే తల్లిదండ్రులు దాన్ని వద్దనుకోవలసిన పని లేదు.