కడుపు నిండితే చాలా?

మా పెంటల్లో ముసలివాళ్లు కరువు గురించి చెప్పేటప్పుడు సంవత్సరం చెప్పరు, ఆ ఏడు ఏ గడ్డ తవ్వుకొని తిన్నారో చెప్తారు. వాన లేని ఏడు నల్లమల అడవి గడ్డలు, ఇప్పపువ్వు, తేనె ఇచ్చి మమ్మల్ని కాచింది. వాన పడిన ఏడు గుడిసె పక్క చెలకలో జొన్న, సజ్జ, కొర్ర పండేవి. ఇప్పుడు అంత్యోదయ కార్డు మీద ఇంటికి నెలకు 35 కిలోల బియ్యం వస్తున్నాయి. 2025 నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆకలి ఎరిగినవాళ్లం గనుక ఈ బియ్యాన్ని మేం చిన్నచూపు చూడం.

అయినా బడిలో పిల్లలతో పాటు మేమూ ఒక ప్రశ్న వేసుకుంటున్నాం. కడుపు నిండితే ఆహార భద్రత వచ్చినట్టేనా? ఏం విత్తాలో, ఏం తినాలో చెప్పే మాట మన చేతిలో లేకపోయినా వచ్చినట్టేనా?

ఈ ప్రశ్న చిన్న దేశాలకూ ఎదురైంది. హైతీ ఒకప్పుడు తనకు కావలసిన బియ్యం చాలావరకు తానే పండించుకునేది. 1990లలో బయటి బియ్యం మీద సుంకాన్ని 35 శాతం నుంచి 3 శాతానికి దించారు. సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం చౌకగా వచ్చిపడ్డాయి. కొనుక్కునేవాళ్లకు అప్పటికి మేలే జరిగింది, వరి రైతు మాత్రం దెబ్బతిన్నాడు. 2008లో ప్రపంచమంతా బియ్యం ధర మండిపోతే జనం ఆకలితో రోడ్డెక్కారు, అక్కడి ప్రధానమంత్రి పదవి పోయింది. ఆ విధానం తప్పేనని అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ 2010లో ఒప్పుకున్నాడు. మన దేశం కూడా ఇక్కడ ధరలు పెరగకూడదని 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. మన బియ్యం మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాలకు దిగులు పట్టుకుంది. పెట్టే చేతిలో దురాలోచన లేకపోవచ్చు. కానీ ఆ చేయి ఆగిన రోజు మన గాదెలో ఏముందన్నది మిగిలే ఉంటుంది.

ఇక మన చెలకల సంగతి చూద్దాం. పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లో జొన్న సాళ్ల మధ్య కంది, అనుము, పెసర వేసేవాళ్లు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొచ్చేది. ఇప్పుడు ఆ చెలకల్లో ఎక్కువగా పత్తి కనిపిస్తుంది. పత్తిని వండుకోలేం, దాని విత్తనం ఏటేటా కొనాల్సిందే. విధానమూ ఆ వైపే తోసింది. వడ్లకు ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టారు. జొన్న, సజ్జలకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది గానీ కొర్ర పేరు ఆ జాబితాలోనే లేదు. 2020 వానాకాలంలో రాష్ట్రం నియంత్రిత సాగు అంటూ మక్కలు వేయొద్దంది, పత్తి పెంచమంది. ఆ ఏడు ముగియకముందే ఆ పద్ధతి వదిలేసింది. ఈ రెండు మాటల మధ్య విత్తినవాడిదే నష్టం.

తప్పంతా సర్కారు మీద నెట్టేస్తే మాత్రం అబద్ధమాడినట్టే. కొర్ర విత్తనాన్ని మన ఇళ్లలోంచి ఎవరూ ఎత్తుకుపోలేదు. మనమే దాచడం మానేశాం. గటక తాగేవాళ్లు వెనకబడినవాళ్లని ఎవరో అంటే సిగ్గుపడ్డాం. నెల జీతం తీసుకుంటూ సన్నబియ్యం తినే మాలాంటి పంతుళ్లు “కొర్రలు పండించండి” అని చెప్పడం తేలిక. మంచె మీద కూర్చొని పిట్టల్ని తోలేది, రోట్లో దంచేది మన అక్కలు, అమ్మలు. వాళ్ల రెక్కల కష్టం తగ్గకుండా, పంటకు ధర రాకుండా పాత పంటలకు తిరిగి పొమ్మనడం న్యాయం కాదు.

అందుకే బియ్యం వద్దనం, బియ్యం మన హక్కు. దానితో పాటు జొన్న, కొర్ర కూడా మద్దతు ధరకు కొనాలి, మన హాస్టళ్లలో వండాలి, పెంటకో దంచే మిషన్ ఇవ్వాలి అని గ్రామసభలో అడుగుదాం. అడిగే నోరు మనకు ఉండాలంటే మన వంతూ మనం చేయాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వను అడగండి, కొర్ర విత్తనం ఎవరింట్లో ఉందో. దొరికితే ఒక గుప్పెడు బడికి తీసుకురండి. తొలకరికి బడి వెనక రెండు సాళ్లు పోద్దాం. దొరక్కపోతే ఆ సంగతీ వచ్చి చెప్పండి, అది కూడా మనం నేర్చుకోవాల్సిన పాఠమే.